‘జీర్ణం’ వాచ్యం, ‘వేట’ లక్ష్యం: కీటకాహార మొక్కల వర్ణనపై ఒక పదవిమర్శ

వ్యాససంగ్రహం:

కీటకాలను పట్టి జీర్ణించుకొనే మొక్కల గురించి రాసేటప్పుడు వేట, ఉచ్చు, నోరు, ఆకలి, ఆహారం, జీర్ణం వంటి మాటలు తప్పనిసరిగా వస్తాయి. వీటిలో ఏవి వాచ్యార్థంలో నిలుస్తాయి, ఏవి లక్షణ చేత మాత్రమే చెల్లుతాయి అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చార్లెస్ డార్విన్ 1875లో ప్రచురించిన ‘ఇన్‌సెక్టివరస్ ప్లాంట్స్’ గ్రంథాన్ని, దానికి ముందున్న రెండు రకాల రచనలతో పోల్చి చూస్తుంది. తర్వాత తెలుగులో స్థిరపడిన ‘కీటకాహార మొక్కలు’ అనే సమాసాన్ని ఈనాటి వృక్షశాస్త్ర జ్ఞానం వెలుగులో విమర్శిస్తుంది. రూపకంగా తోచే ‘జీర్ణం’ వాచ్యమనీ, వాచ్యంగా తోచే ‘ఆహారం’ రూపకమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కీటకాహార మొక్కలు, డార్విన్, లక్షణ, ముఖ్యార్థబాధ, జీర్ణం, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు రచయిత దృష్టి సాధారణంగా పారిభాషిక పదాలపై ఉంటుంది. ఎంజైముకు, గ్రంథికి, స్రావానికి సరైన మాట దొరికిందా అని ఆలోచిస్తాం. వాటి చుట్టూ ఉన్న మామూలు క్రియాపదాలను అంతగా పట్టించుకోము. మొక్క పురుగును ‘పట్టింది’, ‘మింగింది’, ‘కబళించింది’, ‘తిన్నది’ అని నాలుగు విధాలుగా రాస్తాం. ఈ నాలుగింటికీ మధ్య ఉన్న భేదం సామాన్యమైనది కాదు. ‘పట్టడం’ జిగురుకు కూడా చెల్లుతుంది. ‘కబళించడం’ అన్నప్పుడు అందులో కబళం ఉంది. కబళం ఉంటే నోరు ఉండాలి.

ప్రపంచంలో కీటకాలను పట్టి పోషకాలు పొందే మొక్కల జాతులు 800కు పైగా ఉన్నాయి. తెలుగు నేలమీద కూడా డ్రోసెరా, యుట్రిక్యులేరియా జాతులు తడి నేలల్లో, నీటి పట్టుల్లో పెరుగుతున్నాయి. అయినా ఈ మొక్కలు మనకు ఎక్కువగా పరిచయమైనది పాఠ్యపుస్తకాల ద్వారా, పత్రికల్లోని వింతల శీర్షికల ద్వారా. పాఠ్యపుస్తకం వీటిని పోషణ అనే అధ్యాయంలో చెబుతుంది. వింతల శీర్షిక వీటిని హంతకులుగా చూపుతుంది. ఒకే మొక్క గురించి రెండు కథనాలు విద్యార్థి మనసులో కలిసిపోతాయి. అందువల్ల ఇక్కడ పదవిమర్శ అవసరమవుతుంది.

విమర్శకు కావలసిన కొలమానం మన అలంకారశాస్త్రంలోనే ఉంది. లక్షణ ప్రవర్తించడానికి మమ్మటుడు మూడు షరతులు చెప్పాడు: ముఖ్యార్థానికి బాధ కలగాలి, ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. ఒక మాట ముఖ్యార్థంలోనే పొసగితే దాన్ని రూపకమని అనుమానించవలసిన పని లేదు. పొసగకపోతే, దాని వల్ల కలిగే ప్రయోజనమేమిటని అడగాలి. ఈ రెండు ప్రశ్నలనే కీటకాహార మొక్కల వర్ణనకు వర్తింపజేయవచ్చు.

2. డార్విన్‌కు ముందు – రెండు కథన ధోరణులు:

1769లో జాన్ ఎల్లిస్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు అమెరికాలోని కరోలినా ప్రాంతానికి చెందిన డయోనియా మొక్కను గురించి లిన్నేయస్‌కు ఉత్తరం రాశాడు. ఆకులు మూసుకొని ఈగలను పట్టుకోవడంలో పోషణ ఉద్దేశం ఉండవచ్చునని సూచించాడు. లిన్నేయస్ ఆ సూచనను అంగీకరించలేదు. ముట్టుకొంటే ముడుచుకొనే అత్తిపత్తి వంటిదే ఇది కూడా అని భావించాడు. మొక్క జంతువును జీర్ణించుకోవడం సృష్టిక్రమానికి విరుద్ధమన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. చార్లెస్ డార్విన్ తాతగారైన ఎరాస్మస్ డార్విన్ ‘ది బొటానిక్ గార్డెన్’ కావ్యంలో మొక్కలకు స్త్రీ పురుష రూపాలిచ్చి వర్ణించాడు. ఆయన దృష్టిలో డయోనియా ఉచ్చులు పూలను పురుగుల బారి నుంచి కాపాడే కంచె మాత్రమే. వీరిద్దరూ కదలికను చూశారు. కదలిక తర్వాత జరిగేదాన్ని చూడలేదు. ఇది మొదటి ధోరణి.

రెండవది భయానక ధోరణి. 1874 ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక మడగాస్కర్ దీవిలో మనిషిని తినే చెట్టు ఉన్నదంటూ ఒక కథనం ప్రచురించింది. అది పూర్తిగా కల్పితం. అటువంటి చెట్టు లేదు. అయినా ఆ కథనం అనేక పత్రికల్లో పునర్ముద్రణ పొందింది. 1894లో హెచ్. జి. వెల్స్ రాసిన రక్తం పీల్చే ఆర్కిడ్ కథ ఇదే దారిలో నడిచింది. ఈ ధోరణిలో మొక్కకు కోరిక ఉంటుంది, పొంచి ఉండే గుణం ఉంటుంది, బలి ఉంటుంది. కథనానికి శిఖరం పట్టుకొనే ఘట్టమే. పట్టిన తర్వాత రసాయనికంగా ఏమి జరిగిందన్న ప్రశ్న కథకుడికి అక్కరలేదు.

పైకి ఈ రెండు ధోరణులూ పరస్పర విరుద్ధాలు. ఒకటి మొక్కకు ఏ ప్రయోజనమూ లేదంటుంది. రెండవది మొక్కకు జంతువు మనసునే ఆపాదిస్తుంది. కాని పట్టుకోవడం దగ్గరే ఆగిపోవడంలో రెండూ ఒకటే.

3. డార్విన్ రచన – కదలిక నుంచి జీర్ణానికి:

1860 వేసవిలో డార్విన్ ఇంగ్లండులోని హార్ట్‌ఫీల్డ్ సమీపంలో విశ్రాంతి తీసుకొంటూ, గుండ్రాకు డ్రోసెరా ఆకులకు చిక్కిన పురుగుల సంఖ్య చూసి ఆశ్చర్యపోయాడు. గ్రంథం వెలువడింది 1875లో. ఈ పదిహేనేళ్ల వ్యవధి గ్రంథ శైలిని నిర్ణయించింది.

గ్రంథంలో 18 అధ్యాయాలున్నాయి. మొదటి 11 అధ్యాయాలు గుండ్రాకు డ్రోసెరా ఒక్కదానికే కేటాయించాడు. పాఠకులకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించే డయోనియాకు ఒక్క అధ్యాయమే దక్కింది. క్షణంలో మూసుకొనే ఆకు కంటే, గంటల తరబడి మెల్లగా వంగే ఆకుకు ఎక్కువ చోటివ్వడం రచయితగా ఆయన చేసిన ఎంపిక. వింత కంటే విధానం ముఖ్యమన్న దృష్టి ఈ నిష్పత్తిలోనే కనిపిస్తుంది.

డ్రోసెరా ఆకుపై జిగురు బిందువులు తలపై ధరించిన గ్రంథి కేశాలుంటాయి. పురుగు ఆ జిగురుకు అంటుకొంటుంది. విడిపించుకోవడానికి పెనుగులాడినకొద్దీ మరిన్ని కేశాలను తాకుతుంది. కేశాలు దానివైపు వంగుతాయి. డార్విన్ ఈ స్పందనను కొలిచాడు. 0.000822 మిల్లీగ్రాముల బరువున్న తల వెంట్రుక ముక్క కూడా కేశాన్ని వంచగలదని చూపాడు. పైనుంచి పడే వాన చినుకులకు మాత్రం కేశాలు వంగవని గమనించాడు. వాన తరచుగా కురిసేదే. ప్రతి చినుకుకూ వంగితే మొక్కకు నష్టం.

గ్రంథానికి గుండెకాయ వంటిది జీర్ణశక్తిని గురించిన ఆరవ అధ్యాయం. గుడ్డు తెల్లసొనను ఉడికించి, చిన్న ఘనాలుగా కోసి ఆకులపై పెట్టాడు. ఘనాల అంచులు ముందుగా కరిగి గుండ్రమై, క్రమంగా మొత్తం ద్రవమయింది. స్రావానికి క్షారం కలిపితే ఈ క్రియ ఆగిపోయింది. దానికి సరిపడా ఆమ్లం చేర్చగానే మళ్లీ మొదలయింది. జంతువుల జఠర రసం పనిచేసే తీరు కూడా ఇదే. మాంసం, మృదులాస్థి, ఎముక ఆకులపై కరిగాయి. గోళ్లు, వెంట్రుకలు, కొవ్వు, పిండిపదార్థం కరగలేదు. ఈ జాబితాలోని చివరి మాట ప్రాధాన్యం ఆరవ విభాగంలో తెలుస్తుంది.

శైలి విషయంలో మరొక సంగతి గమనించదగినది. మిత్రులకు రాసిన ఉత్తరాల్లో డార్విన్ డ్రోసెరాను తెలివిగల జంతువుగా సంబోధించి మురిసిపోయాడు. గ్రంథంలో ఆ మురిపెం అణగి ఉంటుంది. మూసుకొన్న డయోనియా ఆకును జఠరంతో పోల్చినా, ఆ పోలికకు ముందు ప్రయోగం ఉంటుంది. ఉపమ ముందు వచ్చి నిరూపణ తర్వాత వస్తే అది అలంకారం. నిరూపణ ముందు వచ్చి ఉపమ తర్వాత వస్తే అది నిర్వచనం. డార్విన్ గ్రంథం రెండవ పద్ధతిని పాటించింది.

ఆయన పొరబడిన చోట్లు లేకపోలేదు. యుట్రిక్యులేరియా తిత్తుల్లోకి నీటి పురుగులు తామే తోసుకొని పోతాయని ఆయన భావించాడు. అదే కాలంలో అమెరికాలో మేరీ ట్రీట్ అనే పరిశోధకురాలు తిత్తులే పురుగును లోపలికి లాగుకొంటాయని గమనించి రాసింది. తర్వాతి పరిశోధన ఆమె పక్షాన నిలిచింది.

4. పట్టే విధానాలు – తెలుగు మాటల సామర్థ్యం:

ఈ మొక్కలు కీటకాలను పట్టే పద్ధతులను ఐదుగా విభజిస్తారు. ఈ ఐదింటికీ తెలుగువారి జీవనంలోని పనిముట్ల పేర్లు చక్కగా సరిపోతాయి.

మొదటిది బంక. డ్రోసెరా పద్ధతి ఇదే. రెండవది గొయ్యి. నెపెంథిస్ కూజా అంచు తడిసినప్పుడు నీటి పొర వల్ల కీటకం కాలు నిలవదు. జారి లోపలి ద్రవంలో పడుతుంది. చాలా జాతుల్లో లోగోడ మైనపు పూత పైకి ఎక్కనివ్వదు. మూడవది బోను. డయోనియా ఆకు రెండు రెక్కలపైనా సాధారణంగా మూడేసి సూక్ష్మ కేశాలుంటాయి. సుమారు 20 సెకన్ల లోపు రెండుసార్లు స్పర్శ తగిలితే ఆకు సెకనులో పదవ వంతు కాలంలో మూసుకొంటుంది. నాలుగవది తిత్తి. యుట్రిక్యులేరియా తిత్తి తన లోపలి నీటిని ముందే బయటకు పంపి, గోడలను లోపలికి బిగించుకొని ఉంటుంది. ద్వారం దగ్గరి కేశాలు కదిలితే తలుపు తెరుచుకొని, వెయ్యోవంతు సెకను లోపే నీటితో పాటు పురుగు లోపలికి పోతుంది. కొలిమి తిత్తిని చూసినవారికి ఈ వివరణ వెంటనే అర్థమవుతుంది. ఐదవది మావు. జెన్లిసియా మొక్క భూమిలో పెంచే సన్నని గొట్టాల్లో కేశాలు లోపలికి మాత్రమే వంగి ఉంటాయి. చేపలకు పెట్టే మావులాగా లోపలికి దారి ఉంటుంది, వెనుకకు ఉండదు.

బంక, గొయ్యి, బోను, తిత్తి, మావు – ఇవన్నీ రూపకాలే. కాని ఇవి పనిముట్టు నిర్మాణాన్ని చూపుతాయి. ఏ భాగం ఎలా పనిచేస్తుందో తెలుపుతాయి. వీటిని ‘సాధన రూపకాలు’ అనవచ్చు. ఆకలి, కసి, మాయ, పొంచి ఉండడం వంటివి మొక్కకు స్వభావాన్ని అంటగడతాయి. వీటిని ‘స్వభావ రూపకాలు’ అనవచ్చు. మొదటి వాటికి ప్రయోజనం ఉంది; పాఠకుడికి యంత్రం కనిపిస్తుంది. రెండవ వాటిలో యంత్రం మరుగునపడి, దాని స్థానంలో పాత్ర నిలుస్తుంది.

స్వభావ రూపకాలు జానపదుల నామకరణంలో కూడా ఉన్నాయి. భారతదేశంలో పెరిగే ఏకైక నెపెంథిస్ జాతి మేఘాలయ కొండల్లోని నెపెంథిస్ ఖాసియానా. దీన్ని ఖాసీ భాషలో రాక్షస పుష్పమనీ, గారో భాషలో దయ్యపు బుట్ట అనీ అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. రెండవ పేరు ఆసక్తికరమైనది. అందులో స్వభావమూ ఉంది, సాధనమూ ఉంది. దయ్యం ఊహ అయినా బుట్ట మాత్రం కంటికి కనిపించే ఆకృతి.

5. ‘జీర్ణం’ – వాచ్యార్థ పరిశీలన:

మొక్కకు కడుపు లేదు కాబట్టి మొక్క జీర్ణించుకొంటుందనడం ఉపచారమేనని ఎవరైనా అనవచ్చు. ఈ అభ్యంతరం ‘జీర్ణం’ అనే మాటలో కడుపు ఉన్నదన్న భ్రమ వల్ల పుట్టింది. సంస్కృతంలో ‘జౄ’ ధాతువుకు శిథిలం కావడం, ముసలిదనం పొందడం అని అర్థం. జీర్ణవస్త్రం, జీర్ణ దేవాలయం, జీర్ణోద్ధరణ అన్న మాటల్లో కడుపు ప్రసక్తి లేదు. తెలుగులోని ‘అరగడం’ కూడా ఇలాంటిదే. చెప్పులు అరుగుతాయి, గంధపు చెక్క అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. ఒక ఘనపదార్థం క్రమంగా తన రూపం కోల్పోవడమే ఈ రెండు మాటల ముఖ్యార్థం. డార్విన్ ఆకుపై తెల్లసొన ఘనం అంచులు పోయి గుండ్రమవడానికి ‘అరగడం’ కంటే సరైన మాట లేదు.

జీవశాస్త్ర పరిభాషలో చూసినా ఇక్కడ ముఖ్యార్థబాధ కనిపించదు. ఈ మొక్కల స్రావాల్లో ప్రోటీన్లను ఛేదించే ఎంజైములు, కీటకపు పైపొట్టులోని కైటిన్‌ను ఛేదించేవి, భాస్వరాన్ని విడదీసేవి ఉన్నాయి. నెపెంథిస్ ద్రవంలోని ప్రోటీన్ ఛేదకానికి నెపెంథెసిన్ అని పేరు. అది మన జఠరంలోని పెప్సిన్ కుటుంబానికే చెందుతుంది. ఆమ్ల వాతావరణం, ఛేదనం, శోషణం అనే మూడు అంశాలూ రెండు చోట్లా ఉన్నాయి.

డయోనియాలో పట్టుకోవడానికీ జీర్ణానికీ మధ్య ఉన్న అంతరం మరింత స్పష్టం. రెండు స్పర్శలతో ఆకు మూసుకొంటుంది. జీర్ణక్రియ అప్పుడే మొదలు కాదు. లోపల చిక్కిన కీటకం పెనుగులాడుతూ మరికొన్నిసార్లు కేశాలను తాకాలి. ప్రతి స్పర్శా ఒక విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. ఈ ప్రేరణల సంఖ్యను బట్టి మొక్క స్రావాల ఉత్పత్తిని నిర్ణయిస్తుందని జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపారు. ఎండుటాకు పడి ఆకు మూసుకొంటే తదుపరి ప్రేరణలుండవు. ఆకు స్రావాలు ఖర్చు చేయకుండా తిరిగి తెరుచుకొంటుంది.

ఈ ప్రక్రియను నడిపించే రసాయన సంకేతం జాస్మోనిక్ ఆమ్ల వర్గానికి చెందినది. సాధారణ మొక్కల్లో పురుగు ఆకును కొరికినప్పుడు రక్షణ చర్యలను మేల్కొలిపే సంకేతం ఇదే. కైటిన్‌ను ఛేదించే ఎంజైములు కూడా మొక్కల్లో శిలీంధ్రాలను ఎదుర్కొనే రక్షణ వ్యవస్థలోనివే. పరిణామ క్రమంలో ఈ రక్షణ సామగ్రి జీర్ణ సామగ్రిగా మారింది. కత్తి అనుకొన్నది ఒకప్పటి డాలు. మొక్కను దాడి చేసే జీవిగా చిత్రించే స్వభావ రూపకం ఈ చరిత్రను పూర్తిగా మరుగుపరుస్తుంది.

6. ‘కీటకాహారం’ – విగ్రహవాక్యంలోని చిక్కు:

‘కీటకాహార మొక్కలు’ అన్నది తెలుగులో స్థిరపడిన పేరు. ‘మాంసాహార మొక్కలు’ అన్న పేరు కూడా వాడుకలో ఉంది. మొదటిదానికి విగ్రహవాక్యం ‘కీటకములు ఆహారముగా గల మొక్కలు’. పైకి నిర్దుష్టంగా కనిపించే ఈ వాక్యంలోనే ముఖ్యార్థబాధ ఉంది.

పచ్చని మొక్క తన ఆహారాన్ని తానే తయారుచేసుకొంటుందన్నది పోషణ పాఠంలోని మొదటి వాక్యం. ఈ మొక్కలు కూడా పచ్చనివే. ఎండ, గాలి, నీరు ఉపయోగించి కిరణజన్య సంయోగక్రియ జరుపుకొంటాయి. అవి పెరిగే ఊబి నేలల్లో, ఇసుక నేలల్లో, కొలనుల్లో కొరతగా ఉండేవి నత్రజని, భాస్వరం వంటి పోషకాలు. కీటకం నుంచి ప్రధానంగా అందేవి అవే. డార్విన్ ప్రయోగంలో డ్రోసెరా పిండిపదార్థాన్ని ముట్టకుండా ప్రోటీన్‌ను కరిగించుకోవడానికి అర్థం ఇక్కడ తెలుస్తుంది. మనకు అన్నం ఏ పని చేస్తుందో, ఈ మొక్కకు కీటకం ఆ పని చేయదు. రైతు పొలానికి వేసే ఎరువు చేసే పనిని చేస్తుంది. డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో ప్రచురించిన ప్రయోగాల్లో, మాంసం అందించిన డ్రోసెరా మొక్కలు అందించని వాటికంటే ఎక్కువ విత్తనాలిచ్చాయి. అందని మొక్కలు కూడా బతికాయి.

ఉత్తర అమెరికాలోని సర్రసీనియా పర్పూరియా అనే కూజా మొక్కపై ఎల్లిసన్, గొటెల్లి 2002లో ప్రచురించిన పరిశోధన ఈ వాదాన్ని బలపరుస్తుంది. నత్రజని ఎక్కువగా అందించినప్పుడు ఆ మొక్క కూజాలను తగ్గించి, వెడల్పైన మామూలు ఆకుల వంటివాటిని పెంచింది. ఆకలి గల జంతువు వేటను ఇలా మానుకోదు. కూజాను నిర్మించడం మొక్కకు ఖర్చు. ఆ మేరకు ఎండను గ్రహించే ఆకు తగ్గుతుంది. ఎండ, నీరు పుష్కలంగా ఉండి పోషకాలు కొరతగా ఉన్నచోటే ఈ ఖర్చు గిట్టుబాటవుతుందని గివ్నిష్ బృందం 1984లోనే వాదించింది.

సమాసంలోని పూర్వపదం ‘కీటకం’ కూడా నిలకడైనది కాదు. బోర్నియోలోని నెపెంథిస్ లోవీ తన కూజాలో చెట్టు ష్రూ అనే చిన్న జంతువు విసర్జించే మలం నుంచి నత్రజని పొందుతుంది. నెపెంథిస్ హెంస్లియానా కూజాల్లో గబ్బిలాలు విశ్రమించి విసర్జిస్తాయి. నెపెంథిస్ ఆంపుల్లేరియా రాలిన ఆకుల నుంచి కూడా పోషకాలు తీసుకొంటుంది. ఈ సందర్భాల్లో కీటకం గౌణమై, నత్రజనే ముఖ్యమవుతుంది.

దక్షిణాఫ్రికాలోని రోరిడ్యులా ఈ వ్యాస ప్రతిపాదనకే ఒక పరీక్ష. దాని ఆకుల జిగురుకు కీటకాలు అంటుకొంటాయి. కాని ఆ జిగురు రెసిన్ వంటిది. అందులో జీర్ణక్రియ జరగదు. ఆ మొక్కపైనే నివసించే ఒక రకం నల్లులు చిక్కిన కీటకాలను తిని విసర్జిస్తాయి. మొక్క ఆ విసర్జితం నుంచి నత్రజని పొందుతుంది. ఇక్కడ పట్టుకోవడం మొక్కది, జీర్ణం నల్లిది, పోషణ మొక్కది. దీన్ని ‘కీటకాహారి’ అనాలా వద్దా అని శాస్త్రజ్ఞులు చర్చించారు. జీర్ణం వాచ్యమన్న నిర్ణయాన్ని ఈ ఉదాహరణ దెబ్బతీయదు. జరిగినచోట అది జీర్ణమే. అయితే ఈ మొక్కలన్నిటికీ సమాన లక్షణం పట్టుకోవడమూ కాదు, జీర్ణించడమూ కాదు, కొరతగా ఉన్న పోషకాన్ని నేలనుంచి కాక మరో దారిలో సంపాదించుకోవడమని ఇది స్పష్టం చేస్తుంది.

7. ముగింపు:

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి.

1. కీటకాహార మొక్కల విషయంలో ‘జీర్ణం’, ‘అరగడం’ అనే మాటలు వాచ్యార్థంలోనే చెల్లుతాయి. వీటిని అలంకారంగా భావించి కొటేషన్ గుర్తుల మధ్య రాయవలసిన అవసరం లేదు.

2. ‘ఆహారం’, ‘ఆకలి’, ‘వేట’ అనేవి లక్షణార్థంలో మాత్రమే చెల్లుతాయి. వీటిలో ‘ఆహారం’ రూఢి లక్షణ. అందువల్ల దానిలోని రూపకం కంటికి కనిపించదు. కనిపించని రూపకమే విద్యార్థిని ఎక్కువగా పొరబాటుకు గురిచేస్తుంది.

3. రూపకాలన్నీ పరిహరించదగినవి కావు. బంక, బోను, తిత్తి, మావు వంటి సాధన రూపకాలు వివరణకు తోడ్పడతాయి.

4. డార్విన్ గ్రంథం విశిష్టత, పట్టుకొనే ఘట్టం నుంచి దృష్టిని మళ్లించి జీర్ణక్రియను కథనానికి కేంద్రం చేయడంలో ఉంది.

‘కీటకాహార మొక్కలు’ అన్న పేరును ఇప్పుడు మార్చడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. రూఢి పదాలను తర్కం కోసం తొలగిస్తే భాషలో మిగిలేది కొంచెమే. కాని ఆ పేరు చెప్పిన వెంటనే, మొక్కకు ఆహారం ఎండ నుంచి వస్తుందనీ, పురుగు నుంచి వచ్చేది ఎరువు మాత్రమేననీ ఒక్క వాక్యం చేర్చడం పాఠ్యరచయితకు కష్టం కాదు. ఆ వాక్యం లేకపోతే, పచ్చని మొక్క తన ఆహారాన్ని తానే తయారుచేసుకొంటుందని చదివిన పిల్లవాడు తర్వాతి పుటలోనే ఆ సూత్రానికి అపవాదాన్ని చదివి, రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేకపోతాడు. నిజానికి అది అపవాదం కాదు. సమాసం వల్ల అలా కనిపిస్తున్నది.